నాగజెముడు లేచింది రా!

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సిందంతా తిట్టెయ్, తర్వాత చదువు. కొత్త చోట పెరట్లో ఏ మొక్కలు పెట్టాలని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది, తెలుసు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి, మా ఆవిడ మోకాలి నొప్పి తగ్గింది, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఏడుస్తోంది. కబుర్లు అయిపోయాయి. అక్షరాలు వంకర్లు పోతున్నాయని వెక్కిరించకు, చూపుడువేలు నిండా ముళ్లు. ఎందుకో చెప్తా.

నాగజెముడు లేచింది రా!

నవ్వకు. మొదట్నించీ చెప్తే గానీ నీకు అర్థం కాదు. ఈ ఇంటికొచ్చిన కొత్తలో పెరడంతా బోడిగా ఉండేది. ఎడారే కదా, ఎడారి మొక్కలు పెడితే సరిపోతుంది, నీళ్ల బాధ ఉండదు అనుకున్నా. కిత్తనార తెచ్చా, కాగితంపూల తీగ తెచ్చా. చీటీ మీద ‘నీళ్లు పెద్దగా అక్కర్లేదు’ అని ఉంది. చలి సంగతి అందులో లేదు, నేనూ అడగలేదు. సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఎడారికీ, కింద మాడిపోయే ఎడారికీ ఎంత తేడా ఉంటుందో నాకేం తెలుసు? ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం 35 డిగ్రీలు, అదే రోజు రాత్రి దుప్పటి లేనిదే నిద్ర పట్టదు. ఇక చలికాలం రాత్రి సున్నాకి దిగువన 20 దాకా పోతుంది.

ఆ మొదటి డిసెంబరులో ఒక తెల్లవారుజామున చూస్తే కిత్తనార గాజుబొమ్మలా బిగుసుకుపోయి ఉంది. అబ్బ, ఎంత గట్టిదో అని మురిసిపోయా కూడా. మధ్యాహ్నం ఎండకి మంచు వీడింది, అంతే. తడిసిన గోనెసంచిలా కూలబడింది. ఆకుల్లో దాచుకున్న నీరంతా గడ్డకట్టి లోపలి కణాల్ని చీల్చేసిందన్నమాట. దాహం నుంచి కాపాడాల్సిన నీళ్లే దాని ప్రాణం తీశాయి. రెండు రోజులకి కంపు. కాగితంపూల తీగ సంగతి అడక్కు.

దెబ్బతో బుద్ధొచ్చి, మరుసటి మే నెలలో మొక్కలమ్మే ఆయన్ని పట్టుకుని ‘చలికి తట్టుకుంటుందా?’ అని నాలుగుసార్లు అడిగి మరీ మూడు నాగజెముళ్లు తెచ్చా. ఒపన్షియా పాలియకాంథా అట, ఎత్తయిన మైదానాల్లో మంచులోనే పుట్టి పెరిగే రకం. వేసవంతా బొద్దుగా, బలిసిన పిల్లి చెవుల్లా ఉన్నాయి. జనవరి వచ్చేసరికి చూడాలి వాటి అవతారం! ఆకులు (మనం ఆకులంటాం గానీ నిజానికవి కాండాలే) ముడతలు పడి, ఊదారంగు తిరిగి, నేలకి అతుక్కుపోయాయి. గాలి తీసేసిన బుడగల్లాగా. ఆ మొక్కలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుని, గునపం పుచ్చుకుని రెండింటిని పెకలించి వెనక గోడ పక్కన రాళ్లగుట్ట మీదకి విసిరేశా.

మూడోది నీడపట్టున ఉంది. అక్కడ నేల గడ్డకట్టుకుపోయింది. గునపం వేస్తే ఠంగుమని మోగి వెనక్కి ఎగిరింది, మోచేతి దాకా జివ్వుమంది. కిటికీలోంచి మా ఆవిడ ఒకటే నవ్వు. ‘సరే, రేపు చూద్దాం’ అని వదిలేశా. ఒరేయ్, నీ ‘రేపు చూద్దాం’ వల్ల జీవితంలో మొదటిసారి ఒక ప్రాణం నిలబడింది. ఆ పరీక్ష ఫీజు సంగతి గుర్తుందిగా?

తర్వాత చదివితే తెలిసింది. చావలేదురా అది, కావాలనే అలా పడుకుంటుంది. చలి మొదలవగానే ఒంట్లో నీళ్లు వదిలించుకుని, మిగిలిన రసాన్ని చిక్కబరుచుకుంటుంది. అలా చిక్కబడితే అంత తేలిగ్గా గడ్డకట్టదు. కిత్తనార నీళ్లు పట్టుకుని చచ్చింది, ఇది వదిలేసి బతికింది. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్ము. పారేసిన రెండూ కళ్లలో మెదిలాయి.

మొన్న ఏప్రిల్ ఆఖర్న ఆకులు నెమ్మదిగా నిక్కడం మొదలెట్టాయి. ఇవాళ పొద్దున్న మొదటి పువ్వు. పట్టుగుడ్డ లాంటి పసుపుపచ్చ. మధ్యలో కేసరాలు గుత్తిగా ఉన్నాయి, వేలితో తాకితే అవన్నీ మెల్లగా లోపలికి ముడుచుకుంటున్నాయి! పువ్వులో దిగిన తేనెటీగ మీదకి అవి అలాగే వంగుతుంటే అది పుప్పొడిలో పొర్లి పొర్లి తాగుబోతులా బయటికొచ్చింది. నేనూ చిన్నదీ అరగంట బోర్లా పడుకుని చూశాం. ముళ్లు ఎక్కడ గుచ్చుకున్నాయో ఇప్పుడర్థమైందా? పెద్ద ముళ్లు కావు, వాటి మొదట్లో నూగులా ఉండే సన్నముళ్లు, కంటికి ఆనవు.

ఇంతలో ఏదో తోచి గోడ దగ్గరికి పరిగెత్తా. పారేసినవాటిలో ఒకటి కుళ్లిపోయింది. రెండోది రాళ్ల సందుల్లోకి వేళ్లు దింపి కూర్చుంది రా! నీళ్లు లేవు, మట్టీ అంతంతమాత్రం. నాకు సిగ్గేసింది, నిజంగా.

సరే, నువ్వడిగినదానికి వస్తా. నువ్వెళ్లే చోటు కూడా ఇలాంటిదే కాబట్టి చీటీ మీద ముందు జోన్ అంకె చూడు, ఎంత చలికి తట్టుకుంటుందో చెప్పే అంకె అది. 6 అంటే ఏడాదిలో అతి చలి రాత్రి సగటున సున్నాకి దిగువన 18 నుంచి 23 డిగ్రీల మధ్య ఉండే చోట బతుకుతుందని. నీ చోటు అంకె కంటే మొక్క అంకె పెద్దదైతే తేకు. కానీ ఆ అంకె చలి గురించే చెబుతుంది, నీళ్ల గురించి ఒక్క ముక్కా చెప్పదు. రెండూ విడివిడిగా అడగాలి.

లావెండర్ పెట్టుకో, కానీ ఇంగ్లిష్ లావెండరే. పువ్వు మీద కుందేలు చెవుల్లా రెక్కలుండే స్పానిష్ రకం ముద్దొస్తుంది, ఆ చలికి ఉండదు. రష్యన్ సేజ్ కళ్లు మూసుకుని పెట్టెయ్. పేరుకే రష్యన్, పుట్టిల్లు అఫ్ఘానిస్తాన్, టిబెట్ వైపు. ఎండిన కొమ్మల్ని శరత్తులో కత్తిరించకు, వసంతం దాకా ఆగు. గడ్డి కావాలంటే బ్లూ గ్రామా. దాని కంకి అచ్చం కనుబొమ్మలా పక్కకి తిరిగి ఉంటుంది, మన వార్డెన్ గుర్తొస్తాడు. సెప్టెంబరులో అన్నీ వాడిపోయాక రాబిట్‌బ్రష్ అనే పొద ఒంటినిండా పసుపు పూసుకుంటుంది. పెన్‌స్టెమన్ అనే పూల మొక్క కూడా పెట్టు, ఎరుపుదీ నీలందీ. నేను ప్రేమ ఎక్కువై ఒక పాదుకి దండిగా కంపోస్టు వేశా. అది ఏపుగా పెరిగి, నడుం విరిగి పడి, మంచు కరిగిన తడికి మొదలు కుళ్లి పోయింది. ఏమీ వేయకుండా గులకరాళ్లలో వదిలేసిందేమో పూస్తోంది. ఇక్కడ చలి ఒక్కటే చంపదు, చలీ తడీ కలిస్తే చంపుతాయి. అందుకే మొదలు చుట్టూ రాళ్లు.

రాళ్లంటే గుర్తొచ్చింది. 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి శాఖవాళ్లు తక్కువ నీళ్ల తోటకి ‘జీరిస్కేప్’ అని పేరుపెట్టారు, పొడి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి. జనం దాన్ని ‘జీరోస్కేప్’ అని విని కంకర పోసి వదిలేస్తున్నారు. మా పక్కింటాయన అదే చేశాడు. వేసవిలో అటు అడుగుపెడితే పొయ్యి మీద నిలబడ్డట్టే.

ఇంకోటి. నీటి ఎద్దడికి తట్టుకుంటుందంటే నాటిన రోజు నుంచీ కాదురా. మొదటి ఒకటి రెండేళ్లు వేళ్లు లోతుకి దిగేదాకా పోయాలి. రోజూ చిలకరించడం కాదు, ఆగి ఆగి, నేల లోతుగా తడిసేలా. చలికాలంలో మంచు పడకుండా పొడిగా ఉంటే నెలకోసారి, 4 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పూట. ఆకు రాల్చని మొక్కలకి గాలి తడి లాగేస్తుంటుంది, గడ్డకట్టిన నేలలోంచి వేళ్లు తోడలేవు, అలా చాలా పోతాయి. నాటడం మాత్రం నేల గట్టిపడడానికి ఆరు వారాల ముందే కానివ్వు.

ప్లాస్టిక్ మొక్కకి మూడు నెలలు నీళ్లు పోసిన మహానుభావుడికి ఇదంతా చెప్పాలా అనుకో. ఎవరికీ చెప్పలేదులే, ఒట్టు. మా ఆవిడకి తప్ప.

డెసర్ట్ విల్లో అని ఒక చెట్టుంది, దాని గురించి వేరే చెప్పాలి. వసంతంలో ఎంత ఆలస్యంగా చిగురిస్తుందంటే నేను గొడ్డలి తీసుకుని దగ్గరిదాకా వెళ్లి... అదిగో, చిన్నదాని బస్సు హారన్. దానికి ఇంకా జడ కూడా వెయ్యలేదు. కవరు దాని చేతికే ఇచ్చి పంపిస్తున్నా. వచ్చేటప్పుడు మందపాటి చేతి తొడుగులు తెచ్చుకో, గోడ పక్కనున్నది నీదే.

నీ
ఎనిమిదో నంబరు గది