కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: దెబ్బలు తిన్న మనిషే ఫైలు మోసుకుని తిరగాలా?

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్తే అండీ. ఈ ఉత్తరం హోం మంత్రి గారికి రాద్దామనుకున్నాను, పోలీస్ కమిషనర్ గారికి రాద్దామనుకున్నాను, చివరికి మీకే రాస్తున్నాను. ఇంట్లో హింస ఒక్క పోలీసుల పనీ కాదు, ఆడవాళ్ళ, పిల్లల సంక్షేమం చూసే ఒక్క ఐసీడీఎస్ పనీ కాదు, ఒక్క ఆసుపత్రి పనీ కాదు. వీళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టగలిగేది మీరొక్కరే. కమిషనరేట్ మీ కింద ఉండదని తెలుసు, కానీ మీరు పిలిస్తే రాకుండా ఉంటారా?

నేను గాజువాక వైపు ఒక పొదుపు సంఘానికి లీడర్‌ని. వాయిదా కట్టే రోజు ఎవరైనా రాలేదంటే ప్రతిసారీ డబ్బు లేకే కాదు, ఒక్కోసారి ముఖం మీద వాపు తగ్గక. అలాంటివాళ్ళకి తోడుగా ఆఫీసులు తిరగడం మాకు అలవాటైపోయింది. చాలాచోట్ల మంచివాళ్ళే ఉన్నారు, అది ముందే చెప్పాలి. కానీ ఒకరి దగ్గర చెప్పుకున్నది ఇంకొకరి దగ్గరికి వెళ్ళదు, అదే అసలు బాధ.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ దెబ్బలు చూసి ఎలా తగిలాయని అడుగుతారు, పక్కన మొగుడు నిలబడి ఉంటే బాత్రూంలో జారిపడ్డానంటుంది, కాగితం మీదకి అదే ఎక్కుతుంది. స్టేషన్‌కి వెళ్తే ముందు కౌన్సెలింగ్, ఇద్దర్నీ కూర్చోబెట్టి ‘పిల్లల మొహం చూసి సర్దుకుపోండమ్మా’ అని సంతకాలు పెట్టించుకుని పంపిస్తారు. అక్కడి నుంచి, హింసకు గురైన ఆడవాళ్ళకి అన్ని సాయాలూ ఒకేచోట అందించాల్సిన సఖి సెంటర్‌కి వెళ్తే మళ్ళీ మొదట్నించీ చెప్పాలి. గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర రిపోర్టు రాయించుకోవాలంటే మళ్ళీ, ఉచిత లాయర్ కోసం న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తే మళ్ళీ. చెప్పిన ప్రతిసారీ ఆవిడ కొంచెం తగ్గించి చెబుతుంది, మీరు ఎప్పుడైనా గమనించారో లేదో. చివరికి వచ్చేసరికి ‘ఏం లేదులెండి, ఆయనకి కోపం ఎక్కువ’ అన్న దగ్గర ఆగిపోతుంది. ఈలోపు కూలి పోతుంది, ఆటో ఖర్చులు అవుతాయి, ఇంటి దగ్గర అత్తగారికి ఏదో ఒక అబద్ధం చెప్పాలి.

ఇదంతా కొత్త చట్టం తెమ్మని అడగడానికి కాదు. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. అందులో 11వ సెక్షన్ చూడండి, న్యాయం, హోం, ఆరోగ్యం లాంటి శాఖలు కలిసి పనిచేసేలా చూడాలని, దాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించాలని ప్రభుత్వాలకే బాధ్యత పెట్టారు. మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు పెడితే మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని కూడా ఉంది. ఇక సఖి సెంటర్ నడిపే జిల్లా కమిటీకి మార్గదర్శకాల ప్రకారం అధ్యక్షులు కలెక్టరే. అంటే కుర్చీ మీదే, సార్.

సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అర్జీ ఒక శాఖకి వెళ్తుంది, ఆ శాఖ తన పని అయిందని రాసి మూసేస్తుంది. ఈ కేసులో ఏ ఒక్క శాఖ పని పూర్తయినా ఆవిడకి ఆ రాత్రి ఏమీ మారదు.

2003లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో, అది కూడా మనలాగే ఓడరేవు ఊరే, ఒక పద్ధతి మొదలుపెట్టారు. పోలీసులు, ఆసుపత్రి, ఇళ్ళ శాఖ, పిల్లల సంక్షేమం చూసేవాళ్ళు, మహిళా సంస్థలు ఒక బల్ల దగ్గర కూర్చుని, ప్రాణానికే ముప్పు ఉన్న కేసుల్ని ఒక్కొక్కటిగా తీసి, ‘దీనికి నువ్వేం చేస్తావ్, ఎప్పటికల్లా చేస్తావ్’ అని తేల్చుకుంటారు. బాధితురాలు అక్కడికి రానక్కర్లేదు, ఆవిడ తరఫున ఒక మనిషి మాట్లాడుతుంది. తర్వాత అది ఆ దేశమంతా పాకింది. పెద్ద బడ్జెట్ అడిగే పని కాదు ఇది. పదిహేను రోజులకోసారి రెండు గంటలు, అంతే.

అలాంటిదే మన జిల్లాలో పెట్టండి. ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని ‘పరిష్కారం’ అయ్యాయి అని అంకెలు చదివే రివ్యూ మీటింగ్ మాత్రం వద్దు, అవి ఇప్పటికే బోలెడు ఉన్నాయి. ఫలానా ఆవిడ, ఆవిడ గొంతు నులిమాడట, మళ్ళీ అదే ఇంట్లో ఉంది, ఈ వారం ఏం చేద్దాం అనే మీటింగ్ కావాలి. గొంతు నులమడం అనేది మామూలు దెబ్బ కాదండీ, అలా జరిగిన ఇంట్లో తర్వాత ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మెడ మీద పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు కూడా. క్యాజువాల్టీలో ఆడమనిషిని మొగుడి నుంచి పక్కకి తీసుకెళ్ళి ‘గొంతు నులిమాడా’ అని ఈ ఒక్క ప్రశ్న అడగాలని ఆర్డర్ వేస్తే చాలు.

ఇల్లు వదిలి వస్తే తర్వాతేంటి? సఖి సెంటర్‌లో ఉండనిచ్చేది ఐదు రోజులు. ఆరో రోజు నుంచి ఆ కుటుంబం మహిళా శిశు సంక్షేమ శాఖది మాత్రమే కాదు, రెవెన్యూది, విద్యాశాఖది, నగరపాలక సంస్థ జీవీఎంసీది. రైస్ కార్డు మొగుడి ఇంటి అడ్రస్ మీద ఉంటుంది. పిల్లల స్కూల్ మారాలంటే కాగితాలు ఆయన దగ్గరే ఉంటాయి. అద్దెకి ఇల్లు ఇచ్చేవాడు మీ ఆయన ఏడీ అంటాడు. వెనక్కి వెళ్ళిపోయే వాళ్ళలో చాలామంది ప్రేమ కొద్దీ వెళ్ళరు, బియ్యం కొద్దీ వెళ్తారు. జిల్లా విభజన తర్వాత పుట్టిల్లు చోడవరంలో, అత్తిల్లు గాజువాకలో ఉన్నవాళ్ళకి ‘అది అనకాపల్లి జిల్లా, మా పరిధి కాదు’ అనే మాట ఒకటి అదనం. తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు వేసుకోవచ్చని చట్టంలో 27వ సెక్షన్ చెబుతోంది, ఆ సంగతి కింది స్థాయిలో ఎవరికైనా చెప్పారా?

ఇంకో మాట, కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. సమాచారం పంచుకోమంటున్నాను కదా అని అందరికీ పంచొద్దు. వార్డు సచివాలయంలో మహిళా పోలీసు మా వీధి అమ్మాయే అయి ఉండొచ్చు, ఎదురింటి వాళ్ళకి చుట్టమై ఉండొచ్చు. ఆవిడ ఒప్పుకున్న మేరకే, అవసరమైన వాళ్ళకే వివరాలు వెళ్ళాలి. ఒక్కసారి విషయం బయటికి పొక్కితే ఆ వీధిలో ఇంకెవరూ నోరు విప్పరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. భర్తే కాదు, ఎవరి చేతిలోనైనా హింసకు గురైన వాళ్ళలో సాయం కోసం ఎవరినైనా అడిగినవాళ్ళు 14 శాతమే.

మీటింగ్‌కి ఎక్సైజ్ వాళ్ళని కూడా పిలవండి. తాగనివాడు కొట్టడని నేననను, పూజ చేసి బొట్టు పెట్టుకుని కొట్టేవాళ్ళనీ చూశాం. కానీ 99 రూపాయలకి క్వార్టర్ దొరికే ఊళ్ళో జీతాల రోజు రాత్రి 112కి ఏ వీధుల నుంచి ఫోన్లు వస్తున్నాయో, షాపులు ఎక్కడున్నాయో ఒకే మ్యాప్ మీద పెట్టి చూస్తే వాళ్ళకీ కొంత తెలుస్తుంది.

మొదటి మీటింగ్ ఎప్పుడో చెప్తే సంఘాల తరఫున ఒకరిద్దరం వస్తాం. కేసుల పేర్లు చదివేటప్పుడు బయట కూర్చోమన్నా కూర్చుంటాం. సాయంత్రం నాలుగు దాటాక పెడితే మా కూలి పోకుండా ఉంటుంది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక పొదుపు సంఘం లీడర్