కూల్‌డ్రింక్ సీసాలో పొలం మందు

సంపాదకులకు నమస్కారం.

మాది గుంటూరు, కొరిటెపాడు. డాబా మీద ఇరవై దాకా కుండీలున్నాయి. పోయిన ఎండాకాలం మందారానికి పిండినల్లి పట్టింది. చిగుళ్లకి దూది అతికించినట్టు తెల్లగా, కింది ఆకులు జిగురు జిగురుగా. మా తమ్ముడు ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేస్తాడు. 2021లో నల్ల తామర పురుగు చేలను నాశనం చేసిన దగ్గర్నుంచి వాడింట్లో మందు డబ్బాలకు కొదవ లేదు. అడగ్గానే ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో కాస్త పోసిచ్చి, "లీటరు నీళ్లకి అర మూత చాలక్కా" అన్నాడు.

నేను దాన్ని మంచినీళ్ల సీసాలో కలిపాను. కలపగానే నీళ్లు చిక్కటి మజ్జిగలా అయిపోయాయి. చెట్టుకి కొట్టగా మిగిలింది మెట్ల మీద పెట్టి, ఫోన్ మోగితే కిందికి దిగాను. సెలవులకొచ్చిన మా ఆరేళ్ల మనవడు ఆడి ఆడి దాహంతో పైకెళ్లి దాన్నెత్తాడు. "అమ్మమ్మా, మజ్జిగ చేదుగా ఉంది" అని వాడన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఒక గుక్క మింగి మిగతాది ఉమ్మేశాడు. మావారు కక్కిద్దామని ఉప్పునీళ్లు కలిపారు. నర్సింగ్ చదివే పక్కింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆపింది. ఈ మందుల్లో నూనె లాంటి ద్రావకం ఉంటుందట, కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదమట.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది "ఏం మందు?" అని. సీసా చేతికిచ్చాను. దాని మీద నిమ్మకాయ బొమ్మ ఉంది. పురుగుమందులన్నిటికీ విరుగుడు ఒకటి కాదు. కొన్నిటికి అట్రోపిన్ ఇస్తారు, కొన్నిటికి అసలు విరుగుడే లేదు, లక్షణాలను బట్టి వైద్యం చేయాల్సిందే. తమ్ముడు ఫోన్ ఇంట్లో పెట్టి చేలోకి వెళ్లాడు. వాడు దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ పిల్లాడి కంటిపాపలు చిన్నవవుతున్నాయా, నోట్లో చొంగ ఎక్కువవుతోందా అని డాక్టరు చూస్తూనే ఉన్నారు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు పోయిన సంగతి నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. దేవుడి దయ, మూడో రోజు వాణ్ని ఇంటికి పంపారు. ఇప్పుడు బాగున్నాడు.

తప్పు నాదే. కానీ నా ఒక్కదానిదే కాదు. మన జిల్లాలో ప్రతి ఇంటికీ పొలంతో చుట్టరికం ఉంది. బొద్దింకలకని, చీమలకని ఇలాగే సీసాల్లో ఊళ్ల నుంచి టౌన్‌కి మందు వస్తోంది. వంటింటి గట్టు కింద కూడా కొడుతున్నారు. చేలో ఎండకీ వానకీ పోయే మందు మూసిన గదిలో చాలా రోజులు పోదు. పైగా బొద్దింక గుడ్ల తిత్తిలోకి మందు వెళ్లదు. కొన్నాళ్లకి పిల్లలు మళ్లీ బయటికొస్తాయి. మందు చాలలేదనుకుని ఈసారి రెట్టింపు కొడతారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఇప్పుడు నా మందారానికి ముందు నీళ్లతో గట్టిగా కొట్టి పిండినల్లిని రాలుస్తాను. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా చల్లుతాను. కాండం మీద చీమల బారు కనిపిస్తే వదలను. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఎత్తుగా పెట్టాను. ఆ నీళ్లు రెండ్రోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు.

మందుల షాపులవాళ్లకీ వ్యవసాయ అధికారులకీ నా విన్నపం ఒక్కటే. విడిగా సీసాల్లో మందు పోయనివ్వకండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణాల్లో ఏది ఎంత విషమో కొనేవాళ్లకి చూపించి చెప్పండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లు అడిగినా సరే, ఇవ్వకండి.

మీకూ ఒక మనవి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది. ఫోన్ చేస్తే డబ్బులు పడవు. ఆ సంగతి ఆరోజు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ పత్రికలో పురుగుమందు ప్రకటన వేసిన ప్రతిసారీ పక్కనే ఈ నంబరు వేయండి: 1800 116 117.

ఒక అమ్మమ్మ,
కొరిటెపాడు, గుంటూరు