రిపోర్టు ఒకటే, మందు ఒకరికే

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. అందరం కులాసా. ఎండలు దంచేస్తున్నాయి. ఇంతకన్నా వార్తల్లేవు.

అసలు సంగతి విను. మీ నాన్నగారికి మూత్రం ట్యూబు వేశారని రాశావు కదా, అప్పట్నుంచీ నీకు చెప్పాలని ఆగలేకపోతున్నాను.

మామ్మకి ఎనభై దాటాయి, పైగా షుగరు. మామూలు పరీక్షలతో పాటు యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష) కూడా చేయించారు. ఇ.కోలై అనే బ్యాక్టీరియా, మిల్లీలీటరు మూత్రానికి లక్షకు పైనే అని వచ్చింది. ఒక క్లినిక్‌లో రిపోర్టు చూశారో లేదో, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాసేశారు. మంట ఉందా, జ్వరం వచ్చిందా అని ఒక్క మాట అడగలేదురా! మామ్మేమో హాయిగా చింతపండు పిక్కలు తీసుకుంటోంది. ఇంట్లో మాకే టెన్షన్.

అదే సమయంలో చెల్లికి మూడో నెల. దానికీ కల్చర్‌లో అదే ఇ.కోలై, అదే లక్ష. దానికీ ఏ బాధా లేదు. మహారాణిపేటలో దాన్ని చూసే డాక్టరమ్మ గారి ముందు రెండు రిపోర్టులూ పెట్టాను. "చెల్లెలికి మందు తప్పనిసరి. మామ్మగారికి అక్కర్లేదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. పెద్దావిడని వదిలేస్తారా అని అడిగేశాను కూడా.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. గర్భంతో ఉన్నప్పుడు కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టాలు సడలుతాయి, గర్భసంచి ఒత్తిడికి మూత్రం నిలవ ఉంటుంది. వదిలేస్తే పాత లెక్కల ప్రకారం నూటికి 20 నుంచి 35 మందికి ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకేదట. అందుకే బాధ లేకపోయినా మొదటి నెలల్లోనే కల్చర్ చేసి, నాలుగు నుంచి ఏడు రోజుల మందు ఇస్తారు. మామ్మ వయసువాళ్లలో మాత్రం బాధ పెట్టకుండా బ్యాక్టీరియా ఉండటం మామూలే. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్లలో నూటికి 25 నుంచి 50 మందికి ఉంటుంది. షుగరు ఉన్నా సరే, మందు వాడితే ఒరిగేదేమీ లేదు. విరేచనాలు పట్టుకోవచ్చు, రేపు నిజంగా జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. 2019లో అమెరికా అంటువ్యాధుల నిపుణులు ఇచ్చిన సూచనలూ ఇవేనట. మూత్రనాళంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్ ముందు మాత్రం చూసి మందు ఇస్తారు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ట్యూబు ఉన్న ప్రతి రోజూ నూటికి 3 నుంచి 5 మందికి కొత్తగా బ్యాక్టీరియా చేరుతుంది, నెల దాటితే దాదాపు అందరికీ. కాబట్టి ఊరికే కల్చర్ చేయించి కంగారు పడకు. "ట్యూబు ఇంకా అవసరమా?" అని మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అడుగు, మొహమాటపడకు. చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి పుట్టినా, మూత్రంలో రక్తం కనబడినా అస్సలు ఆగకు, వెంటనే తీసుకెళ్లు. ఒక్కసారిగా అయోమయంగా మాట్లాడితే మూత్రాన్నే కారణం చేయనివ్వకు, షుగరు, ఒంట్లో నీళ్లు తగ్గడం, వాడుతున్న మందులు, అన్నీ చూడమను. అమ్మగారికి కూడా ఈ సంగతులు చెప్పు.

బావ కింద హారన్ కొడుతున్నాడు. చెల్లి కోర్సు అయింది, మళ్లీ కల్చర్‌కి తీసుకెళ్లాలి. మిగతాది తర్వాత రాస్తాను.

నీ
ప్రసాదు