పాట వెనుక గిటార్

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. పాటకు వాద్యాలన్నీ కూర్చి పెట్టేది అరేంజరైతే పేరు మాత్రం పాడినవాళ్లకే దక్కుతుందని నువ్వు నిష్ఠూరంగా అన్న మాటకు జవాబుగా, ఇజ్రాయెల్ గాయని నోవా గురించీ, 1990 నుంచి ఆమెతో కలిసి పనిచేస్తున్న గిటారిస్టు, అరేంజర్ గిల్ డోర్ గురించీ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

యెమెన్ యూదు కుటుంబానికి చెందిన నోవా న్యూయార్క్‌లో పెరిగి, యుక్తవయసులో ఇజ్రాయెల్‌కు తిరిగివచ్చి, రిమోన్ సంగీత పాఠశాలలో చేరింది. ఆ పాఠశాల స్థాపకులలో ఒకడైన గిల్ డోర్ అక్కడ ఆమెకు గురువు. అయినా 1991లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఇటలీ సంగీత దర్శకుడు నికోలా పియోవానీ బాణీకి రాసిన "బ్యూటిఫుల్ దట్ వే" పాటలో సాహిత్యం కూడా ఇద్దరి పేరు మీదే ఉంది. అరేంజర్‌కు సాహిత్యంలోనూ వాటా ఇచ్చే గాయకులు ఎందరున్నారో నువ్వే చెప్పు!

నువ్వు శ్రద్ధగా వినవలసింది మాత్రం 2019లో అమెరికన్ సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ నిర్మాణంలో వచ్చిన "లెటర్స్ టు బాఖ్" ఆల్బమ్. జర్మన్ స్వరకర్త బాఖ్ వాద్యాల కోసమే రాసిన, మాటలు లేని రచనలకు నోవా సొంతంగా సాహిత్యం రాస్తే, వాటిని గిటార్‌కు మలచినవాడు గిల్ డోర్. బాఖ్ సంగీతంలో రెండు మూడు స్వరధారలు ఒకేసారి, దేని దారి దానిదిగా నడుస్తాయి కనుక, ఒకటి గొంతుకు అప్పగించి తక్కినవాటిని ఆరు తీగల మీద బొటనవేలికీ మిగతా వేళ్లకూ పంచాలి. అందులో ఏ స్వరాన్ని ఉంచాలో, దేన్ని వదలాలో తేల్చుకోవడమే అసలైన అరేంజ్‌మెంటు. మంచి కచేరీలో పక్కవాద్యంలాగా ఆ గిటార్ గొంతును అంటిపెట్టుకునే ఉంటుంది గాని ఎక్కడా దాన్ని కప్పెయ్యదు. జాజ్ పాటలతో 2021లో వచ్చిన "ఆఫ్టరాలజీ"లోనూ ఉన్నవి ఒక గొంతూ ఒక గిటారే. అంత తక్కువ సరంజామాతో వాయించడం, నా మటుకు నాకు, నలభై మంది వయొలిన్ బృందానికి నొటేషన్ రాయడం కంటే కష్టమనిపిస్తుంది.

నువ్వు పంపిన పాటలో, పల్లవి మొదటి పాదం కిందే కీబోర్డు, ఫ్లూటు, తబలా మూడూ ఒక్కసారిగా వచ్చిపడుతున్నాయి. ఫ్లూటును చరణం దాకా ఆపి, మీ గాయనిని పక్కన కూర్చోబెట్టుకుని మరోసారి రికార్డు చేసి పంపించు.

ఇట్లు,
మీ నాన్న