ఆక్స్ పోర్టుతో పాఠం చెప్పవచ్చు

సంపాదకులకు నమస్కారం.

నెట్‌వర్కింగ్ ప్రయోగశాలల్లో పాత సిస్కో రౌటర్లు పనిచేసే స్థితిలో ఉండి కూడా, రెండు రౌటర్లను కలిపే సీరియల్ కార్డులూ వాటి కేబుళ్లూ లేవన్న కారణంతో అటకెక్కుతున్నాయి. ఆ రౌటర్ల వెనుక, కంప్యూటర్ తగిలించి ఆదేశాలిచ్చే కన్సోల్ పోర్టు పక్కనే, ఆక్స్ (ఆగ్జిలరీ, అంటే అదనపు) అని రాసిన పోర్టు ఒకటి ఉంటుంది. మోడెం తగిలించి దూరం నుంచి రౌటర్‌ను సరిచేసేందుకు ఉద్దేశించిన ఈ పోర్టుతోనే రెండు రౌటర్లను నేరుగా కలపవచ్చు. పాత రౌటర్లను తుక్కు కింద అమ్మే ముందు బోధకులు ఈ ప్రయోగం చేయించాలని నా విన్నపం.

కావలసింది ఒక రోల్‌ఓవర్ కేబుల్ మాత్రమే. ఇందులో ఒకటో పిన్ను అవతలి కొసన ఎనిమిదికి, రెండోది ఏడుకి, మూడోది ఆరుకి వెళ్తుంది కాబట్టి, ఒక రౌటర్ మూడో పిన్నుపై పంపిన డేటాను రెండో రౌటర్ ఆరో పిన్నుపై అందుకుంటుంది. నాలుగు, ఐదు రెండూ గ్రౌండే కనుక తారుమారైనా ఇబ్బంది లేదు. తర్వాత ‘షో లైన్’ ఆదేశంతో ఆక్స్ లైను సంఖ్య తెలుసుకొని, అదే సంఖ్య గల అసింక్ ఇంటర్‌ఫేస్‌కు (ఆ లైనుపై డేటా నడిపే రౌటర్ ద్వారానికి) ఐపీ అడ్రసు, పీపీపీ (రెండు కొసల మధ్య నేరుగా డేటా నడిపే నియమావళి) ఇచ్చి, డెడికేటెడ్ మోడ్‌లో (లైనును ఈ లంకెకే కేటాయించే స్థితిలో) పెట్టాలి. వేగం, స్టాప్ బిట్ (ప్రతి బైటు ముగింపు గుర్తు), హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (పిన్నుల సంకేతాలతో డేటా రాకను అదుపు చేసే పద్ధతి) రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఆ లైన్లపై ఎగ్జెక్‌ను, అంటే ఆదేశాలు అందుకొని బదులిచ్చే వ్యవస్థను, ఆపడం మరీ ముఖ్యం. లేకుంటే ఒక రౌటర్ పంపిన ప్రాంప్టును రెండోది ఆదేశమనుకొని తప్పని బదులివ్వడం, ఆ బదులును మొదటిది మళ్లీ ఆదేశంగా తీసుకోవడం, ఇలా అంతు లేకుండా సాగి ప్రాసెసర్‌పై భారం పడుతుంది.

ఈ లంకె నెమ్మదైనదే. ఒక్కో బైటుకు స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు పడతాయి కాబట్టి, 1500 బైట్ల ప్యాకెట్ సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక దిక్కుకు చేరడానికే ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది; 2500 శ్రేణి రౌటర్లలో ఆక్స్ పోర్టుకు గరిష్ఠమైన 38400 వేగంలోనూ దాదాపు 0.4 సెకను కావాలి. కార్యాలయాల రోజువారీ పనికి ఇది చాలదు. బోధనకు మాత్రం ఈ మందగమనమే మేలు: పింగ్ (అవతలి రౌటర్ బదులిస్తుందో చూసే పరీక్ష ప్యాకెట్) పరిమాణం పెంచినకొద్దీ జాప్యం పెరగడాన్ని విద్యార్థి కళ్లారా చూస్తాడు. ఈథర్‌నెట్‌ను ప్రధాన మార్గంగా ఉంచి, ఆక్స్ మార్గానికి ఎక్కువ డిస్టెన్స్‌తో (అంటే తక్కువ ప్రాధాన్యంతో) స్టాటిక్ రూట్ (మనమే రాసి పెట్టే స్థిర మార్గం) రాసి, ఈథర్‌నెట్ కేబుల్ పీకితే ప్రత్యామ్నాయ మార్గం ఎలా అందుకుంటుందో అక్కడికక్కడే తెలుస్తుంది. తెరపై నమూనా రౌటర్లతో ఈ అనుభవం పూర్తిగా దక్కదు.

పాఠ్యప్రణాళికలు రాసేవారు కనీసం ఒక ప్రయోగ తరగతిని దీనికి కేటాయించాలని కోరుతున్నాను.

– ఒక నెట్‌వర్కింగ్ బోధకుడు