గొట్టం తోమినంత మాత్రాన గురి కుదరదు

సంపాదకులకు నమస్కారం.

షూటింగ్ నేర్చుకునే పిల్లల కోసం మీ క్రీడా పుటలో ఇటీవల అచ్చయిన సూచనల్లో చాలావరకు మంచివే. అయితే ప్రతి సాధన ముగిశాక గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా రైఫిల్ బ్యారెల్‌ను (గుండు వెళ్లే గొట్టాన్ని) బ్రష్షుతో రుద్దాలని, బ్యారెల్ ఎంత శుభ్రంగా ఉంటే గురి అంత బాగా కుదురుతుందని చెప్పిన మాట మాత్రం అలా వదిలేయదగ్గది కాదు. కాలేజీ పిల్లలకు .22 (5.6 మిల్లీమీటర్ల గుండు) రైఫిల్ నేర్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని. ఈ సలహానే అక్షరాలా పాటించి మంచి బ్యారెళ్లను చేజేతులా పాడుచేసుకున్నవాళ్లను చూసినవాణ్ని. బ్యారెల్‌ను ఎప్పుడు, ఎలా శుభ్రం చేయాలన్నది అందులోంచి ఏ గుండు వెళుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. శుభ్రం చేసిన ఫలితాన్ని టార్గెట్ కాగితం మీద చూసుకోవాలి గాని గుడ్డ తెలుపులో చూసుకుంటే మోసపోతాం.

ఇదంతా చాదస్తమని పాఠకులు అనుకోకుండా ఉండడానికి కొన్ని అంకెలు చెబుతాను. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అందులోకి పంపవలసిన గుండు మందమే 5.6 మిల్లీమీటర్లు. దశాంశాల్లో లెక్కించేటప్పుడు ఆ పదిలోనే మళ్లీ 10.0 నుంచి 10.9 దాకా మెట్లున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో జాయ్‌దీప్ కర్మాకర్ కాంస్యానికి 1.9 పాయింట్ల దూరంలో నాలుగో స్థానంతో ఆగిపోయారు. 2024లో పారిస్‌లో అదే 50 మీటర్ల రైఫిల్‌తో, మూడు భంగిమల పోటీలో, స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చారు. వారి జయాపజయాలకు బ్యారెల్ శుభ్రతతో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. గుండు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా లెక్కలోకి వచ్చే ఆటలో గొట్టం లోపలి స్థితి చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

.22 తూటా సంగతి ప్రత్యేకమైనది. దాని గుండు మెత్తని సీసం. పైన పలుచగా మైనమో గ్రీజో పూసి ఉంటుంది. పోటీ తూటాలు ధ్వని వేగానికి కాస్త తక్కువగా, సెకనుకు సుమారు 320 మీటర్ల వేగంతో వెళతాయి కాబట్టి, రాగి తొడుగు వేసిన యుద్ధ తూటాల మాదిరిగా అవి బ్యారెల్‌ను ఒరుసుకుపోవు. కాల్చిన కొద్దీ ఆ మైనం బ్యారెల్ లోపలి గాడుల వెంట పలుచని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర ఒక స్థితికి వచ్చి నిలిచాక ప్రతి గుండుకూ ఒకే రకమైన ఒరిపిడి తగులుతుంది, ప్రతి గుండూ దాదాపు ఒకే వేగంతో బ్యారెల్ మూతి దాటుతుంది, టార్గెట్ మీద గ్రూప్ (గుండ్లు పడిన గుంపు) దగ్గరపడుతుంది. సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) పోసి, బ్రష్షుతో రుద్ది ఆ పొరను పూర్తిగా తీసేస్తే మళ్లీ మొదటికి వస్తాం. బూడిదతో తళతళలాడేలా తోమిన అట్ల పెనం మీద మొదటి అట్టు ఎలా వస్తుందో వంటింట్లో అందరికీ తెలిసిందే, కడిగిన .22 బ్యారెల్ నుంచి వచ్చే మొదటి గుండ్ల తీరూ అంతే.

పోటీకి ముందు రాత్రి బ్యారెల్ కడిగే పిల్లలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సన్నాహానికి, సైటర్లకు (లెక్కలోకి రాని, గురి సరిచూసుకునే గుండ్లకు) కలిపి 15 నిమిషాలు ఇస్తారు. కడిగిన బ్యారెల్ స్థిరపడే లోపు గుండ్లు ఒకటి పైకి, ఒకటి పక్కకు పడుతుంటాయి. అది చూసి కంగారుపడిన కుర్రవాడు గురి సరిచేసే సైట్ నాబ్ తిప్పుతాడు. నాలుగు తూటాలు పోయేసరికి బ్యారెల్ దారికి వస్తుంది, ఇప్పుడు తిప్పిన సైట్ తప్పవుతుంది, మళ్లీ తిప్పుతాడు. లెక్కకు వచ్చే మొదటి గుండు కాల్చేటప్పటికి తన సైట్ మీద అతనికి నమ్మకం ఉండదు. అనుభవమున్న షూటర్లు కడిగిన బ్యారెల్‌ను సాధనలోనే కాల్చి స్థిరపరచుకుని గాని పోటీకి తీసుకురారు. ఏ బ్యారెల్‌కు ఎన్ని తూటాలు పడతాయన్నది దేనికదే వేరు, తూటా రకాన్ని బట్టి కూడా మారుతుంది; ఎవరి రైఫిల్ సంగతి వారు కాగితం మీద కాల్చి తెలుసుకోవలసిందే.

అలాగని అసలు ముట్టుకోకుండా వదిలేయమని కాదు. తూటా కూర్చునే ఛాంబర్ దాటగానే గాడులు మొదలయ్యే చోట కాలిన తుపాకిమందు మసి, మైనం కలిసి గట్టిపడి ఒక నల్లని వలయంలా పేరుకుంటాయి. .22 తూటాల ప్రైమర్‌లో (మందును అంటించే మిశ్రమంలో) రాపిడి కోసం కలిపే మెత్తని గాజుపొడి అవశేషం కూడా అందులో చేరుతుంది. గుండు బ్యారెల్‌లోకి అడుగుపెట్టేది ఆ ఇరుకులోంచే. వలయం మందమయ్యేకొద్దీ గుండు అంచు నలిగి, వంకరగా గాడులను పట్టుకుంటుంది. దాంతో చక్కని గ్రూప్ మధ్య నుంచి ఉన్నట్టుండి ఒక గుండు బయటికి ఎగిరిపోతుంది. కారణం గాలా, ట్రిగ్గర్ మీద వేలా, బ్యారెలా అని తేల్చుకోవడం తేలిక కాదు. తప్పిన ప్రతి గుండుకూ రైఫిల్‌నే తిట్టుకోవడం మా వృత్తిలో పాత జబ్బు. తూటాను లోపలికి తోసే బోల్ట్‌ను మూసేటప్పుడు ఎప్పుడూ లేని బిగువు చేతికి తెలుస్తుంటే మాత్రం ఆ వలయాన్ని అనుమానించవచ్చు.

దాన్ని తీయడానికి బ్యారెల్ మొత్తాన్ని గీకనక్కరలేదు. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసుకుని, బోల్ట్ తీసి, వెనుక వైపు నుంచి, శుభ్రం చేసే రాడ్‌ను సూటిగా నడిపే బోర్ గైడ్ పెట్టాలి. సాల్వెంట్ ట్రిగ్గర్‌లోకి కారకుండా మూతిని కాస్త కిందికి వంచి ఉంచాలి. ముందుగా తడిపిన గుడ్డముక్కను ఒక్కసారి మూతిదాకా నెట్టి, కొన్ని నిమిషాలు నాననిచ్చి, ఛాంబర్ ముందున్న ఆ కొద్ది జాగాలో మాత్రం కంచు బ్రష్షును కొన్నిసార్లు ఆడిస్తే చాలు. తరువాత పొడి గుడ్డలు పంపాలి. మొదటిది కాటుకలా నల్లగా, తరువాతివి బూడిద రంగులో వస్తాయి. మూడో నాలుగో గుడ్డ దగ్గర ఆపేయవచ్చు. పాలలాంటి తెలుపు కోసం పట్టుపట్టనక్కరలేదు. గుడ్డ మూతి దాటాక దాన్ని తీసేసి, ఒట్టి రాడ్‌ను నిదానంగా వెనక్కి లాగాలి. మసి పట్టిన గుడ్డను అలాగే వెనక్కి లాగితే బయటికి తెచ్చిన గరుకంతా మళ్లీ లోపలికే పోతుంది.

ఇక మూతి అంచు. గుండు బ్యారెల్‌ను వదిలే ఆఖరి క్షణంలో తాకేది దాన్నే. అక్కడ కంటికి ఆనని గీత పడినా వెనుక నుంచి తోసుకొచ్చే వాయువు ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని గుండును ఒరగదోస్తుంది. ముక్కలు ముక్కలుగా బిగించే ఇనుప రాడ్‌ను మూతిలోంచి దోపి, కవ్వంలా ఆడించడం ఒక శిక్షణ కేంద్రంలో నా కళ్లారా చూశాను. ఆ రాడ్ అతుకుల దగ్గర వేలితో తడిమితే గోరు తట్టుకునేంత ఎత్తుపల్లాలున్నాయి. అలాంటి శుభ్రత కన్నా మురికి నయం.

అసలీ రోజువారీ తోముడు అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. సిపాయిలు వాడిన పాత .303 రైఫిళ్ల కాలంలో తూటా ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఒక ఉప్పు. గాలిలోని చెమ్మను పీల్చి గంటల్లోనే ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నూనెలో అది కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే సిపాయిలు కాల్పులు కాగానే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసి, బ్యారెల్‌లోంచి లాగే పుల్‌త్రూ తాడుకు గుడ్డపీలిక కట్టి లాగి, ఆపైన నూనె పెట్టేవారు. ఆ తూటాలకు ఆ క్రమశిక్షణ అక్షరాలా అవసరమే. 1920ల చివర జర్మనీలో సినాక్సిడ్ వంటి తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చి, తరువాత .22 తూటాలన్నీ ఆ దారికి మళ్లాయి. తూటా మారినా తోముడు మారలేదు. ఎన్‌సీసీ శిబిరాల్లో పిల్లలు నేటికీ దాన్నే నేర్చుకుని వస్తున్నారు. తుపాకీ పట్ల శ్రద్ధ అలవడడానికి అది మంచిదే కావచ్చు, గురితో మాత్రం సంబంధం లేదు. పైగా పుల్‌త్రూ తాడును ఏటవాలుగా లాగీ లాగీ మూతి ఒక పక్క అరిగిపోవడం .303 రోజుల నుంచి ఉన్నదే.

రాగి తొడుగు గుండ్లు కాల్చే పెద్ద రైఫిళ్ల లెక్క వేరు. అక్కడ గాడుల్లో రాగి పేరుకుంటుంది, దాన్ని అప్పుడప్పుడు తీయక తప్పదు. అందుకు వాడే అమ్మోనియా సాల్వెంట్ రాగి తగలగానే గుడ్డను నీలంగా మారుస్తుంది. రాడ్ కొన ఇత్తడిదైతే ఆ ఇత్తడిలోని రాగితోనూ అదే నీలం వస్తుంది. బ్యారెల్ ఎప్పుడో శుభ్రపడినా ఆ రంగు చూసి గంటల తరబడి రుద్దేవారున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది పిల్లలు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే కాబట్టి, మీ సలహా నేరుగా చేరేది వాళ్లకే. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. ఇందులో మందు కాలదు, మసి ఉండదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ వెనుక ఉన్నది ఒట్టి గాలి. అప్పుడప్పుడు రెండు మూడు ఫెల్ట్ పెల్లెట్లు (శుభ్రం చేసే మెత్తని ఉన్ని బిళ్లలు) పంపితే సరిపోయే బ్యారెల్‌లో కంచు బ్రష్షుకు పనే లేదు. నూనె జోలికి అసలు పోకూడదు. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో నూనె ఆవిరి ఒత్తిడికి అంటుకుని పేలుతుంది. 200 బార్ ఒత్తిడితో గాలి నింపే సిలిండర్ దగ్గర నూనె ప్రాణానికే ప్రమాదం. వ్యాసంలో ఈ తేడా చెప్పకుండా 'రైఫిల్' అని ఒకే గాటన కట్టేయడం అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం.

విశాఖ వంటి సముద్రతీర నగరాల్లో ఉండేవాళ్లకు ఒక మినహాయింపు ఉంది. ఉప్పుగాలిలో .22 రైఫిల్‌ను వారాల తరబడి బీరువాలో పెట్టేటప్పుడు బ్యారెల్‌లో పలుచగా నూనె గుడ్డ తిప్పవలసిందే. మళ్లీ కాల్చేముందు పొడి గుడ్డతో ఆ నూనెను పూర్తిగా తుడిచేయాలి. తడి బ్యారెల్‌లోంచి వెళ్లిన గుండు ఎక్కడ పడుతుందో చెప్పలేం. వాడిన గుడ్డల్లో సీసం ఉంటుంది గనుక వాటిని పిల్లలకు అందకుండా పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టాలి.

వ్యాసంలోని సూచనను సరిదిద్దుతూ, .22కు ఒకటి, ఎయిర్ రైఫిల్‌కు ఒకటిగా వేర్వేరు సూచనలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. శిక్షణ కేంద్రాల నిర్వాహకులకు కూడా మీ ద్వారా ఒక మనవి. ప్రతి రైఫిల్‌కూ ఒక నోటు పుస్తకం పెట్టి, కాల్చిన తూటాల లెక్క, ఎప్పుడు శుభ్రం చేశారు, ఆ ముందూ వెనుకా గ్రూప్ ఎంత వచ్చింది అన్నవి రాయించాలి. టార్గెట్ కాగితాలను కూడా అందులోనే అతికిస్తే ఆ రైఫిల్‌ను తరువాత చేపట్టే పిల్లలకు ఊహతో పని ఉండదు.

భవదీయుడు,
ఒక రైఫిల్ శిక్షకుడు,
విశాఖపట్నం.