పిప్పి అయిపోయాక వచ్చే వేసవి

క్యూర్‌పిప్, మారిషస్
డిసెంబరు, ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సూరిబాబూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట నన్ను వదలడం లేదు. "చిన్న దీవి కదరా, చుట్టూ సముద్రం, నెత్తిన ఎండ, ఎప్పుడూ గాలి. అక్కడ కరెంటంతా సోలారూ గాలిమరలేనా?" అన్నావు. సిగ్నల్ సరిగ్గా లేక ఏదో అనేసి పెట్టేశాను. ఈ వారం మిల్లుల్లో చెరకు ఆడటం, అదే క్రషింగ్, అయిపోయింది, చేతిలో కాస్త టైముంది. తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

కాదురా. ఈ దేశంలో కాలే ప్రతి వంద యూనిట్లలో ఇంచుమించు ఎనభై యూనిట్లు ఓడలో దిగిన బొగ్గుతోనో ఫర్నేస్ ఆయిల్‌తోనో వస్తున్నాయి. ఇక్కడ బొగ్గు గని లేదు, చమురు బావి లేదు, గ్యాసూ లేదు. బొగ్గు ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. పోర్ట్ లూయీ రేవు పక్కనే నూనె మీద నడిచే పెద్ద ఇంజన్లున్నాయి. మిగిలిన ఐదో వంతులో ఎండ ఉంది, కొండవాగుల మీద చిన్న జలవిద్యుత్ ఉంది, కొద్దిగా గాలి ఉంది. కానీ వీటన్నిటికీ పెద్దన్న ఎవరో తెలుసా? మన పిప్పి. నువ్వూ నేనూ ఇరవై ఏళ్లు పారలతో ఎగదోసిన చెరకు పిప్పి!

లెక్క నీకు అర్థమయ్యేలా చెప్తాను. మన విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటులో నాలుగు యూనిట్లున్నాయి కదా, ఒక్కొక్కటీ 500 మెగావాట్లు. పన్నెండున్నర లక్షల మంది ఉన్న ఈ దేశం మొత్తం ఎండాకాలం పీక్‌లో వాడేది 500 దాటి కాస్త ఎక్కువ. అంటే సింహాద్రిలో ఒక్క యూనిట్ ఇంచుమించు ఈ దేశమంతటికీ సరిపోతుంది. "అయితే ఒక్క యూనిట్ పెట్టేసుకుంటే పోలేదా" అంటావేమో. అది ట్రిప్ అయి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే దేశం మొత్తం చీకటే. అందుకే ఇక్కడ చెరకు మిల్లుల పక్కన ఉన్న యూనిట్లు 35, 45 మెగావాట్లు మాత్రమే.

మనకి ఈ భయం తెలియదు. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకటే గ్రిడ్. మన దగ్గర ఒక యూనిట్ ఆగితే ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లోనో గుజరాత్‌లోనో ఇంకో యూనిట్ భుజం కాస్తుంది. ఇక్కడ అప్పడిగేందుకు పక్కింటివాడు లేడు. పక్కన ఉన్నది సముద్రమే. మొన్న సెప్టెంబరులో పనిమీద ఒక బాయిలర్ హౌస్‌లో ఉన్నాను. ఎక్కడో ఏదో యూనిట్ ట్రిప్ అయింది. వాడకానికి సరఫరా చాలకపోతే పడిపోయే ఫ్రీక్వెన్సీ అంకె ప్యానెల్ మీద 50 నుంచి కిందికి జారడం నా కళ్లతో చూశాను. టర్బైన్ శబ్దం మారింది, బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ బరువుగా మూలుగుతుంది చూడు, అలా. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంతలో ఇళ్లకి కరెంటు తీసుకెళ్లే ఫీడర్ లైన్లు కొన్ని వాటంతటవే ఆగిపోయాయి, అంకె మెల్లగా పైకొచ్చింది. ఎన్ని ఇళ్లలో ఫ్యాన్లు ఆగాయో. ఎవరో కొందరు చీకట్లో కూర్చుంటేనే మిగతా దేశానికి వెలుతురు నిలిచింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.

ఇంటికొచ్చేసరికి మా ఇంటావిడ, అదే నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరావిడ, గుమ్మంలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడి "పేనా కురాన్" అంది. కరెంటు లేదని. ఇక్కడి క్రియోల్ భాషలో కరెంటుని కురాన్ అంటారు. ఆవిడ తెలుగావిడే. ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వచ్చారట. అందుకే ఇక్కడ తెలుగువాళ్లని ఒకప్పుడు కోరంగివాళ్లనే పిలిచేవాళ్లు. తెలుగు ఆవిడకి పాటల్లో ఉంది, మాటల్లో లేదు. రామభజన పాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడుతుంది, ఉప్పు అడగాలంటే మాత్రం క్రియోలే. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు, తెలుసా?

పిప్పి దగ్గరికి వస్తాను. 1957లోనే ఇక్కడ సెంట్ ఆంట్వాన్ అనే చక్కెర మిల్లు పిప్పి కాల్చి తీసిన కరెంటులో తను వాడుకోగా మిగిలినది గ్రిడ్‌కి ఇచ్చింది. మన దగ్గర కో-జనరేషన్ అనే మాట ఊళ్లోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందు. తర్వాత పెద్ద ప్రెషర్ బాయిలర్లు పెట్టారు. క్రషింగ్ ఉన్నన్నాళ్లు పిప్పి, అది అయిపోగానే అదే బాయిలర్లో బొగ్గు. ఇదీ ఇక్కడి పద్ధతి.

మన పిప్పికీ ఈ పిప్పికీ తేడా ఏమీ లేదు. మొదటి రోజే కన్వేయర్ మీంచి గుప్పెడు తీసి పిండాను, పాత అలవాటు. అరచెయ్యి తడిసింది గానీ చుక్క రాలలేదు. సగం నీళ్లు, సగం పీచు. వంద టన్నుల చెరకాడితే ముప్పై టన్నుల పిప్పి. అదే తియ్యటి పులుపు వాసన. పక్కన ఉన్న కుర్రాడు నన్ను చూసి తనూ ఒక గుప్పెడు తీసుకుని పిండి చూపించాడు, మాట కలవకపోయినా పని కలిసింది. నువ్వు గుర్తొచ్చావు.

చిక్కంతా కాలంతో వచ్చింది. ఇక్కడ రుతువులు తలకిందులు. మనకి సంక్రాంతికి క్రషింగ్ జోరు మీదుంటుంది. ఇక్కడ జూన్ ఆఖర్లోనో జులైలోనో మొదలై డిసెంబరుకి అయిపోతుంది, అంటే చలికాలం పంట. సరిగ్గా పిప్పి గుట్ట నేల మట్టమయ్యాక వేసవి వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఉక్క, ప్రతి ఇంట్లో ఏసీ, హోటళ్ల నిండా టూరిస్టులు. వాడకం ఆకాశంలో ఉన్నప్పుడు ఇంటి ఇంధనం అడుగంటుతుంది. అప్పుడు బొగ్గు తప్పదు, నూనె తప్పదు. వాటి ధర ఈ దేశం చేతుల్లో లేదు. 2022లో ప్రపంచమంతా బొగ్గు ధర మండిపోయినప్పుడు ఇక్కడివాళ్లు పడిన టెన్షన్ వాళ్ల నోటే విన్నాను.

ఇంకో బాధ, నా మనసుకి ఎక్కువ తగిలినది, చెరకే తగ్గిపోతోంది. 1973లో 7 లక్షల టన్నులు దాటి పంచదార చేసిన దేశం ఇది. ఇప్పుడు రెండున్నర లక్షల చుట్టుపక్కలే. యూరప్‌వాళ్లు ఎన్నో ఏళ్లు మంచి ధరకి కొనేవాళ్లు. 2006 నుంచి 2009 లోపల ఆ ధరలో 36 శాతం కోసేశారు. ఒకప్పుడు వందల్లో ఉన్న మిల్లులు మూడే మిగిలాయి. అర ఎకరం, ఎకరం ఉన్న చిన్న రైతు ఏం చేస్తాడు? కూలి దొరకదు, పిల్లలు ఊళ్లో ఉండరు. పొలం బీడు పెడతాడు, లేకపోతే విల్లాలు కట్టేవాడికి అమ్మేస్తాడు. మొన్న బస్సులో ఫ్లాక్ వైపు వెళ్తుంటే రోడ్డుకి ఒక పక్క నిలువెత్తు చెరకు, ఇంకో పక్క అడవిలా పెరిగిన కలుపు. ఒకే గట్టుకి అటూ ఇటూ. మనూళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కనిపించిన పొలాలు కళ్ల ముందు మెదిలాయి. పైగా పిప్పితో వచ్చే కరెంటు డబ్బులో తమ వాటా మరీ తక్కువని చిన్న రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం పెంచింది. పెంచక తప్పదు కదా! చెరకు వేసేవాడు లేకపోతే పిప్పి ఎక్కణ్ణుంచి వస్తుంది?

2030కల్లా 60 శాతం కరెంటు ఎండ, గాలి, నీళ్లు, పిప్పి లాంటి తరగని వనరుల నుంచే రావాలి, బొగ్గు పూర్తిగా ఆపేయాలి అని 2021లో ప్రకటించారు. కావాలనే నేనూ కోరుకుంటున్నాను. సోలార్ పెరుగుతోంది. బాంబూ అనే ఊళ్లో 2014 నుంచి 15 మెగావాట్ల సోలార్ ఫారం ఉంది. ఈశాన్యాన ప్లేన్ దే రోష్‌లో పదకొండు గాలిమరలున్నాయి. కానీ ఇక్కడి మబ్బు మన మబ్బు లాంటిది కాదు. సముద్రం మీంచి పరుగున వచ్చి ఐదు నిమిషాల్లో ఎండని మింగేసి వెళ్లిపోతుంది. ఇంత చిన్న గ్రిడ్‌కి ఆ ఐదు నిమిషాలే దెబ్బ. అందుకని సబ్‌స్టేషన్లలో 18 మెగావాట్ల బ్యాటరీలు పెట్టారు, మబ్బు దాటేదాకా అవి పట్టి ఉంచుతాయి. రాత్రి ఏడింటికి మాత్రం ఎండా లేదు, ఆ బ్యాటరీ అంతసేపు రాదు. అడిగినప్పుడు పలికేవి నీళ్లు, పిప్పి. అందుకే సోలార్ ఎంత పెంచినా చెరకుని వదలకూడదని నేను ఇక్కడ కనిపించిన ప్రతివాడితో అంటున్నాను.

ఒక మంచి కబురు. టామరిండ్ ఫాల్స్ రిజర్వాయరు నీళ్ల మీద తేలే సోలార్ ప్యానెళ్లు, 17.5 మెగావాట్లవి, పెట్టే ప్రాజెక్టులో మన ఎన్‌టీపీసీ ఉంది. 2021లో సింహాద్రి రిజర్వాయరు మీద 25 మెగావాట్లవి వేసింది వాళ్లే కదా. మా ఇంటావిడకి ఈ సంగతి చెప్తే మిగతాది వినిపించుకోలేదు, "సింహాద్రి" అన్న మాట దగ్గరే ఆగి దణ్ణం పెట్టింది. ఇక్కడి తెలుగువాళ్లకి సింహాద్రి అప్పన్న అంటే ప్రాణం. ఆవిడ ఎప్పుడూ కొండ చూడలేదు. ఒకసారి తీసుకురావాలని ఉంది.

తుఫాన్ల సంగతి మనకి కొత్త కాదు. హుద్‌హుద్‌కి విశాఖలో మీ అక్కావాళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో గుర్తుందిగా. ఇక్కడ ఒకటి నుంచి నాలుగు దాకా తుఫాను హెచ్చరికలుంటాయి. మూడు అన్నారంటే రోడ్లు ఖాళీ. ఈ దేశానిదే రోడ్రిగ్స్ అని ఇంకో చిన్న దీవి ఉంది, అక్కడ కొన్ని గాలిమరల స్తంభాలకి అడుగున మడతబందు ఉంటుంది. తుఫాను వస్తోందంటే స్తంభాన్ని మెల్లగా వంచి నేల మీద పడుకోబెట్టి, అది వెళ్లాక మళ్లీ లేపి నిలబెడతారు.

నూనె ఓడల భయం ఎంతటిదో 2020లో చూశారు. జులై 25న వకాషియో అనే పెద్ద ఓడ ఆగ్నేయాన పగడపు దిబ్బకెక్కింది. ఇక్కడికి నూనె తెచ్చిన ఓడ కూడా కాదు, ఇటుగా పోతున్న సరుకు ఓడ. దాని సొంత ఇంజన్ నూనె ఇంచుమించు వెయ్యి టన్నులు నీలం సముద్రంలోకి కారింది. అప్పుడు జనం ఏం చేశారనుకున్నావు? గుడ్డ సంచులు పొడుగ్గా కుట్టి, వాటినిండా ఎండు చెరకాకు దట్టించి, సముద్రంలో దండలా కట్టి నూనెని అడ్డుకున్నారు. పిల్లలు, ముసలివాళ్లు, ఆఫీసులకి సెలవు పెట్టినవాళ్లు, అందరూ రాత్రింబగళ్లు కుట్టారట. మా ఇంటావిడ కూడా రెండు రోజులు కుట్టింది. వేళ్ల మీద సూది గాట్లు చూపించబోయింది, ఇప్పుడేం కనిపించడం లేదు గానీ ఎక్కడెక్కడ గుచ్చుకుందో ఆవిడకి గుర్తే.

ఆ ఎండాకు గురించే నీతో ఒక పని ఉందిరా. మనూళ్లో కొట్టిన పొలంలో మిగిలిన చెరకాకుని తగలబెట్టేస్తారు కదా. ఇక్కడ దాన్ని బేళ్లు కట్టి పిప్పిలో కలిపి కాలుస్తున్నారు. ఎండాకు తడి లేనిది, బాగా మండుతుంది, గుట్ట వేసి దాస్తే వేసవిలోకి కొంత లాక్కురావచ్చు. కానీ దాంతో వచ్చిన మట్టి, ఇసుక బాయిలర్ గొట్టాలని అరగదీస్తోంది, బూడిద గడ్డకడుతోంది. నువ్వు ఆ రెండు సీజన్లు వరిపొట్టు కలిపి కాల్చినప్పుడు ఇదే గొడవ వచ్చింది. బాయిలర్‌లో ఇంధనం మండే ఇనుప జల్లెడ, అదే గ్రేట్, దగ్గర ఏదో మార్పు చేసి దారిలో పెట్టావు, ఎన్ని పాళ్లు దాకా కలపొచ్చో కూడా నోట్ చేసుకున్నావు. నీ నీలం అట్ట పుస్తకంలో ఉండాలి. ఆ పేజీలు ఫోటో తీసి పంపు. సరిగ్గా పడేలా, వెలుతురులో పెట్టి తియ్యి. జనవరిలో బాయిలర్లు విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ మొదలవుతుంది, అంతకు ముందే నాకు చేరాలి.

చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు. చిన్నదానికి పరీక్షలెప్పుడో రాయి. ఇక్కడ మబ్బు పట్టింది, వరండాలో బట్టలున్నాయి, వెళ్తాను.

నీ
సత్తిబాబు